బకెట్లలో వంగ, బెండ: పిండినల్లి బెడద

ప్రశ్న: మేడ మీద పాత పెయింటు బకెట్లలో వంగ, బెండ వేశాను. కొమ్మలకు తెల్లగా దూదిలాంటి పురుగు పట్టింది. పెద్ద ఖర్చు లేకుండా పోయే మార్గం చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అది పిండినల్లి అమ్మా. మొక్క రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కోసం చీమలే దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. కాబట్టి ముందు చీమల దారి కట్టాలి. పాత పళ్లెంలో ఇటుక పెట్టి, చుట్టూ నీళ్లు పోసి, ఇటుక మీద బకెట్ నిలపండి. కొమ్మలు గోడకు తగలనివ్వొద్దు. దోమలు చేరకుండా నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి.

బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి, సంచిలో మూటకట్టి పారేయండి. మిగతా మొక్కను నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడు వారాలు చేయాలి. ఘాటు మందుల జోలికి మాత్రం పోకండి, ఆ కాయలు తినేది మీ పిల్లలే.

అప్పటికీ తగ్గకపోతే పురుగు పట్టిన కొమ్మను కవరులో కట్టి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ఉద్యాన అధికారికి గానీ చూపించండి.