స్వీట్ హోమ్ త్రీడీలో గోడలు కలవట్లేదా? మెట్లు స్లాబ్‌కి గుద్దుకుంటున్నాయా? ఇలా సరిచేయండి

ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉంటే ప్రింటర్ రిపేర్ నుంచి ఇంటి ప్లాన్ దాకా అన్నీ మన నెత్తినే పడతాయి. ఊళ్లో మా నాన్న ఇల్లు కట్టిద్దామని అనుకున్నప్పుడు "నువ్వు కంప్యూటర్‌లో గీసేయ్ రా, మేస్త్రికి చూపిద్దాం" అన్నారు. రెండు రాత్రులు కూర్చుని స్వీట్ హోమ్ త్రీడీలో గీశాను. సోఫా, టీవీ, మొక్కల కుండీలు కూడా పెట్టాను. చూడ్డానికి అదిరిపోయింది. మేస్త్రి మాత్రం ల్యాప్‌టాప్ వైపు ఒక నిమిషం చూసి, "బాబూ, ఇవి మెట్లా, నిచ్చెనా?" అని అడిగాడు.

ఆయన అడిగింది కరెక్టే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. నేను చేసిన తప్పులు, ఫ్రెండ్స్ ఫైల్స్ సరిచేస్తున్నప్పుడు కనిపించిన తప్పులు, వాటి ఫిక్స్‌లు ఈ ఆర్టికల్‌లో చెప్తాను. స్వీట్ హోమ్ త్రీడీ ఫ్రీ, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ లేని మామూలు ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది. అందుకే దీన్నే తీసుకున్నాను. వేరే యాప్ వాడేవాళ్లకి కూడా లెక్కలు ఇవే, మెనూ పేర్లే మారతాయి.

ముందు సెట్టింగ్స్

ఇన్‌స్టాల్ చేయగానే గీయడం మొదలుపెట్టొద్దు. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి యూనిట్‌ని అడుగులు, అంగుళాలకి మార్చండి. మన మేస్త్రీలు సెంటీమీటర్లలో మాట్లాడరు. అక్కడే కొత్త గోడ మందం, ఎత్తు కూడా సెట్ చేసుకోవచ్చు. డిఫాల్ట్‌గా వచ్చే గోడ మందం 3 అంగుళాలకి దగ్గరగా ఉంటుంది. చెక్కతో, జిప్సం బోర్డుతో పార్టిషన్లు కట్టే దేశాల్లో అది ఓకే. మన దగ్గర బయటి గోడ 9 అంగుళాలు, లోపలి పార్టిషన్ నాలుగున్నర అంగుళాలు. ఇది మార్చకుండా ప్లాన్ అంతా గీసేస్తే ప్రతి గది కాగితం మీద ఉన్నదానికన్నా చిన్నగా వస్తుంది. తర్వాత ఒక్కో గోడ మందం మార్చుకుంటూ కూర్చోవాలి.

గోడలు: 10 అడుగుల గది 10 అడుగులు ఎందుకు రాదు

చాలామందికి తెలియని విషయం ఇది. ఈ సాఫ్ట్‌వేర్‌లో గోడ పొడవు అంటే గోడ మధ్య గీత పొడవు. అంటే మీరు 10 అడుగులు అని టైప్ చేస్తే, ఒక గోడ సెంటర్ నుంచి ఎదురుగా ఉన్న గోడ సెంటర్ వరకు 10 అడుగులు. రెండువైపులా 9 అంగుళాల గోడలుంటే, ఒక్కో గోడలో సగం, అంటే నాలుగున్నర అంగుళాలు, లోపలికి వస్తుంది. లోపల మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలు. ప్లాస్టరింగ్ అయ్యాక ఇంకో అంగుళం దాకా పోతుంది. ఒకవైపు నాలుగున్నర అంగుళాల పార్టిషన్ అయితే 9 అడుగుల 5 అంగుళాలు చిల్లర మిగులుతుంది.

"అంగుళాలే కదా" అనుకోవద్దు. వంటింట్లో ఫ్రిజ్, గట్టు, తలుపు ఒకే వరుసలో పెట్టాలనుకుంటే ఈ 9 అంగుళాలు తగ్గినందుకే ఫ్రిజ్ హాల్లోకి వచ్చేస్తుంది. కాబట్టి మీకు కావాల్సిన లోపలి కొలతకి గోడల సగం మందాలు కలిపి టైప్ చేయండి. లోపల నికరంగా 10 కావాలి, రెండువైపులా 9 అంగుళాల గోడలు అంటే 10 అడుగుల 9 అంగుళాలు. గోడ గీస్తున్నప్పుడు ఎంటర్ కొడితే పొడవు, కోణం టైప్ చేసే బాక్సులు వస్తాయి. మౌస్‌తో అంచనాగా లాగకండి. గీశాక డైమెన్షన్ లైన్ టూల్‌తో లోపలి ముఖం నుంచి లోపలి ముఖం వరకు ఒకసారి కొలిచి చూడండి.

రెండో సమస్య: మూలలు కలవకపోవడం. ప్లాన్‌లో కలిసినట్టే ఉంటాయి, త్రీడీలో తిరిగితే మూలలో సన్నటి సందు లేదా మెట్టులాంటి నాచ్ కనిపిస్తుంది. రెండో గోడని మొదటి గోడ చివరి పాయింట్ మీద కాకుండా పక్కన మొదలుపెట్టడం వల్ల ఇలా వస్తుంది. గోడని సెలెక్ట్ చేసి దాని చివరి హ్యాండిల్‌ని పట్టుకుని పక్క గోడ చివరకి లాగితే అతుక్కుంటుంది. కొత్త వర్షన్లలో రెండు గోడల్నీ సెలెక్ట్ చేసి ప్లాన్ మెనూలో జాయిన్ వాల్స్ కూడా వాడొచ్చు.

ఎక్కడ లీక్ ఉందో వెతకడానికి నేను వాడే ట్రిక్ ఒకటుంది. క్రియేట్ రూమ్స్ టూల్ తీసుకుని గది మధ్యలో డబుల్ క్లిక్ చేయండి. గోడలు పూర్తిగా మూసి ఉంటే ఆ గది నేల తనంతట తానే వచ్చేస్తుంది. రాలేదంటే ఎక్కడో సందు ఉన్నట్టు. మనవాళ్లు చాలామంది దీన్ని బగ్ అనుకుని గది చుట్టూ చేత్తో పాయింట్లు పెట్టి నేల గీసేస్తారు. అప్పుడు సందు అలాగే ఉండిపోతుంది.

గోడ మీద రంగు మిణుకు మిణుకుమంటుంటే అక్కడ రెండు గోడలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయని అర్థం. ఒకదాన్ని డిలీట్ చేయండి. ఇక తలుపులు పెట్టాక గోడ మందం మారిస్తే తలుపు లోతు దానికి తగ్గట్టు మారదు. తలుపుని గోడ మీదకి మళ్లీ లాగి వదిలితే సర్దుకుంటుంది. నెట్‌లో డౌన్‌లోడ్ చేసిన కిటికీ మోడల్ గోడకి రంధ్రం చేయట్లేదా? ఇంపోర్ట్ చేసేటప్పుడు డోర్ ఆర్ విండో అనే టిక్ మర్చిపోయారు.

మెట్లు: అసలు కథ ఇక్కడే

నేను ఏం చేశానంటే, కేటలాగ్ నుంచి నిటారుగా ఎక్కే మెట్ల మోడల్ తెచ్చి, హాల్లో మిగిలిన 8 అడుగుల జాగాలో ఇరికించాను. ఎత్తు పైఅంతస్తు వరకు లాగాను. సాఫ్ట్‌వేర్ ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకంటే దాని దృష్టిలో మెట్లు కూడా సోఫాలాగే ఒక ఫర్నిచర్. సాగదీస్తే సాగుతుంది, నొక్కితే నొక్కుకుంటుంది. మెట్ల సంఖ్య మాత్రం మోడల్‌లో ఎన్ని ఉంటే అన్నే.

లెక్క చేసి చూద్దాం. గోడ ఎత్తు 10 అడుగులు, స్లాబ్ 5 అంగుళాలు. కింది నేల నుంచి పై నేలకి 125 అంగుళాలు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఏడున్నర అంగుళాలు దాటకూడదు. కాలు పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకి, అంటే దాదాపు 10 అంగుళాలకి తగ్గకూడదు. 125ని 18తో భాగిస్తే ఒక్కో మెట్టు 7 అంగుళాలకి కాస్త తక్కువ వస్తుంది. హాయిగా ఎక్కొచ్చు. 18 ఎత్తులంటే మధ్యలో కాలు పెట్టే చోట్లు 17, ఎందుకంటే చివరి అడుగు పై నేల మీదే పడుతుంది. 17 ఇంటూ 10 అంటే 170 అంగుళాలు, అంటే 14 అడుగుల 2 అంగుళాలు. నేను ఇచ్చింది 8 అడుగులు! 18 ఎత్తులు పెట్టాలంటే ఒక్కో మెట్టు మీద కాలు పెట్టే జాగా ఐదున్నర అంగుళాల చిల్లరే. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆమె ఆ మెట్లు రోజూ ఎక్కాలి, బట్టలు ఆరేయడానికి మేడ మీదకి వెళ్లాలి. మేస్త్రి అడగకపోతే అలాగే కట్టించేసేవాళ్లం.

30 ఇంటూ 40 సైట్లో 14 అడుగుల నిటారు మెట్లు కష్టం. అందుకే మన ఇళ్లలో మధ్యలో ల్యాండింగ్ పెట్టి వెనక్కి తిప్పే మెట్లు ఎక్కువ. 9 ఎత్తులు ఒకవైపు, 9 ఇంకోవైపు. ఒక్కోవైపు కాలు పెట్టే చోట్లు 8, అంటే 6 అడుగుల 8 అంగుళాలు. దానికి 3 అడుగుల ల్యాండింగ్ కలిపితే 9 అడుగుల 8 అంగుళాలు. వెడల్పు మూడు, మూడు, మధ్యలో కొంచెం గ్యాప్. ఈ కొలతల గదిని ముందు ప్లాన్‌లో ఖాళీగా గీసుకుని, ఆ తర్వాతే మెట్ల మోడల్ అందులో పెట్టండి. పెట్టాక త్రీడీలో దగ్గరికెళ్లి మెట్లు లెక్కపెట్టండి. మోడల్‌లో 14 ఎత్తులే ఉంటే ఒక్కోటి దాదాపు 9 అంగుళాలు. ఆ మోడల్ బొమ్మ కోసమే, మేస్త్రికి చూపించడానికి కాదు. కొలతలు మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇప్పుడు ఎక్కువమంది అడిగే ప్రశ్న: పై నేలకి రంధ్రం ఎందుకు పడట్లేదు? కేటలాగ్‌లోని మెట్లు పై అంతస్తు నేలని వాటంతట అవే కోస్తాయి, కానీ కొన్ని షరతులున్నాయి. మెట్లు కింది లెవెల్‌లో ఉండాలి, పై లెవెల్‌లో కాదు. వాటి ఎత్తు పై స్లాబ్‌ని అందుకోవాలి, మధ్యలో ఆగితే కోయదు. కనిపించకుండా హైడ్ చేసిన మెట్లు కూడా కోయవు. బయటి నుంచి ఇంపోర్ట్ చేసిన మోడల్ అయితే ఇంపోర్ట్ చేసేటప్పుడు స్టెయిర్‌కేస్ టిక్ పెట్టాలి. ఇవన్నీ చూసినా పని కాకపోతే పై గది నేలని మెట్ల చుట్టూ పాయింట్లు పెట్టి మీరే గీసుకోండి, ఐదు నిమిషాల పని.

అయితే ఆటోమేటిక్‌గా కోయడంలో ఒక మోసం ఉంది. అది మామూలుగా మెట్లు ఎంత పొడవున్నాయో అంత మేరా స్లాబ్‌ని కోసేస్తుంది. త్రీడీలో నడిస్తే తల ఎక్కడా తగలదు. నిజంగా కట్టేటప్పుడు పైన గది కోసం స్లాబ్ ఓపెనింగ్ తగ్గిస్తారు, దాని అంచున బీమ్ వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో బీమ్ అనేదే లేదు. కాబట్టి కేటలాగ్ నుంచి ఒక బాక్స్ తెచ్చి బీమ్ వచ్చే చోట పెట్టండి. కోడ్ ప్రకారం మెట్ల మీద తలకి ఉండాల్సిన జాగా 2.2 మీటర్లు, అంటే సుమారు 87 అంగుళాలు. బీమ్ స్లాబ్ కింద 9 అంగుళాలు దిగితే దాని అడుగు నేల నుంచి 111 అంగుళాల ఎత్తులో ఉంటుంది. 111లోంచి 87 తీసేస్తే 24. అంటే బీమ్ కింద మొదటి మూడు మెట్లే ఉండొచ్చు. నాలుగో మెట్టు దాదాపు 28 అంగుళాల ఎత్తు, అక్కడ చాలదు. నా డిజైన్‌లో బీమ్ సరిగ్గా ఏడో మెట్టు మీద వచ్చింది.

పైకప్పు: కనిపించదు, అది బగ్ కాదు

"సీలింగ్ ఆన్ చేశాను, పైనుంచి చూస్తే ఇల్లు ఓపెన్‌గానే ఉంది" అని అందరూ అంటారు. సీలింగ్ లోపల నుంచి మాత్రమే కనిపిస్తుంది. పైనుంచి గదులు చూపించాలని అలా పెట్టారు. మన స్లాబ్ ఇల్లు కావాలంటే పైన ఇంకో లెవెల్ యాడ్ చేసి, ఫ్లోర్ థిక్‌నెస్ 5 అంగుళాలు ఇచ్చి, ఇంటి మొత్తం మీద ఒక పెద్ద రూమ్ గీయండి. దాని చుట్టూ 3 అడుగుల ఎత్తు గోడ గీస్తే అదే పిట్టగోడ. కిటికీల మీది సజ్జలకి సన్నటి బాక్సులు చాలు.

ఒక జాగ్రత్త. లెవెల్ యాడ్ చేశాక కింద గోడల ఎత్తు 9 నుంచి 10 అడుగులకి మారిస్తే పై లెవెల్ ఎలివేషన్ దాంతో కలిసి జరగదు. గోడలు నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి. ఎత్తు తగ్గిస్తే సందు వస్తుంది. లెవెల్ మీద డబుల్ క్లిక్ చేసి ఎలివేషన్‌ని గోడ ఎత్తు ప్లస్ స్లాబ్ మందం చేయండి. ఆ తర్వాత మెట్ల ఎత్తు కూడా మళ్లీ చూసుకోవాలి, లేకపోతే పైన చెప్పిన రంధ్రం సమస్య తిరిగొస్తుంది.

పెంకుటిల్లో, రేకుల షెడ్డో గీయాలంటే స్లోపింగ్ వాల్ ఆప్షన్ ఉంది. గోడ మొదట ఒక ఎత్తు, చివర ఇంకో ఎత్తు ఇవ్వొచ్చు. మధ్యలో కూచిగా రావాలంటే ఆ గోడని స్ప్లిట్ వాల్‌తో రెండు ముక్కలు చేసి, ఒకటి 8 నుంచి 11 అడుగులకి, రెండోది 11 నుంచి 8కి ఇవ్వండి. లోపలి గదిని కూడా శిఖరం గీత దగ్గర రెండుగా గీస్తే సీలింగ్ గోడల వాలుని అనుసరిస్తుంది. ఒకే గదిగా వదిలేస్తే కప్పు మధ్యలో అడ్డంగా పరుచుకుంటుంది. పైన కనిపించే కప్పుకి సన్నటి బాక్స్‌ని వంచి పెట్టుకోండి. 10 అడుగుల దూరంలో 3 అడుగులు పెరిగితే వాలు దాదాపు 16.7 డిగ్రీలు, రేకు పొడవు సుమారు పదిన్నర అడుగులు. గోడ దాటి బయటికి వచ్చే భాగం దీనికి అదనం.

మా ఇంటి ఫైల్ ఇప్పుడు నాలుగో వర్షన్‌లో ఉంది. మెట్ల గది బయటికి, తూర్పు గోడ పక్కకి జరిగింది. హాల్ ఒకటిన్నర అడుగు తగ్గింది. సోఫా అలాగే ఉంది కానీ మొక్కల కుండీలు తీసేశాను. వచ్చే వారం మేస్త్రి ముగ్గు పోయడానికి వస్తున్నాడు. ఈసారి ల్యాప్‌టాప్ బదులు లోపలి కొలతలు రాసిన ప్రింటవుట్ ఇస్తున్నాను.