గోధుమ పొలాల నడుమ విమానాల నగరం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక పరిశ్రమ ఒక ప్రాంతంలో స్థిరపడటానికి గల కారణాలను వివరించగలుగుతారు;
• ఒకే పరిశ్రమపై ఆధారపడిన నగరం లాభనష్టాలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఓడలు కట్టే పరిశ్రమ విశాఖపట్నంలో ఎందుకు ఉందంటే, సముద్రం ఉంది కనుక అని మీరు వెంటనే చెబుతారు. మరి విమానాల పరిశ్రమ ఎక్కడ ఉండాలి? అమెరికా మధ్యభాగంలో, ప్రయరీ గడ్డిభూముల ప్రాంతంలో కాన్సస్ రాష్ట్రం ఉంది. గోధుమ పండించే ఆ రాష్ట్రంలోని విచిటా నగరానికి ‘ప్రపంచ వైమానిక రాజధాని’ అని పేరు వచ్చింది. ఎలాగో చూద్దాం.

2. అక్కడే ఎందుకు?

దీనికి ముఖ్యంగా మూడు కారణాలు చెప్పవచ్చు.

(అ) నేల: చదునైన నేల కావడంతో విమానాన్ని లేపడం, దించడం తేలిక.

(ఆ) పెట్టుబడి: 1915లో సమీపంలోని ఎల్ డొరాడో వద్ద చమురు దొరికింది. చమురు వ్యాపారంలో వచ్చిన సొమ్ములో కొంత విమానాల తయారీకి చేరింది.

(ఇ) మనుషులు: క్లైడ్ సెస్నా రైతు. ఆయన 1911లో విమానం నడపడం సొంతంగా నేర్చుకున్నాడు. పలుమార్లు కూలినా పట్టు విడవలేదు.

1925లో సెస్నా, వాల్టర్ బీచ్, లాయిడ్ స్టియర్‌మన్ కలిసి ‘ట్రావెల్ ఎయిర్’ సంస్థను స్థాపించారు. ఊతలు లేని ఒంటి రెక్క విమానం కట్టాలని సెస్నా కోరిక. అందుకే 1927లో ఆయన వేరే సంస్థ పెట్టుకున్నాడు. 1932లో బీచ్ తన భార్య ఆలివ్ ఆన్‌తో కలిసి మరొకటి స్థాపించాడు. ట్రావెల్ ఎయిర్‌లో లెక్కలు రాసే ఉద్యోగినిగా చేరిన ఆమె, 1950లో భర్త మరణించాక తమ సంస్థకు అధ్యక్షురాలయింది.

3. కలిమి, లేమి

1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో విమానాలు కొనేవారు కరువయ్యారు. సెస్నా కర్మాగారం మూతపడి, 1934లో తిరిగి తెరుచుకుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విచిటాలోని బోయింగ్ కర్మాగారం 1,644 బి-29 బాంబర్లను తయారుచేసింది. మహిళలు పెద్దసంఖ్యలో పనిలో చేరారు. యుద్ధం ముగియగానే ఆర్డర్లు రద్దయ్యాయి, పనులు పోయాయి.

1955లో తొలిసారి ఎగిరిన సెస్నా 172 రకం విమానాలు 44,000కు పైగా తయారయ్యాయి. మన దేశంలోనూ పైలట్ శిక్షణకు వీటిని వాడారు. అయినా 1980ల్లో అమ్మకాలు పడిపోయాయి. ప్రమాదాల దావాల ఖర్చు పెరిగింది. 1986లో ఈ చిన్న విమానాల తయారీ ఆగిపోయింది. 18 ఏళ్లు దాటిన చిన్న విమానాల విషయంలో తయారీదారుల బాధ్యతను పరిమితం చేస్తూ 1994లో చట్టం వచ్చింది. 1996లో తయారీ మళ్లీ మొదలైంది. కాని విచిటాలో కాదు, అదే రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో. పని తిరిగి వచ్చింది, పాత ఊరికి మాత్రం రాలేదు.

గమనించండి: కర్మాగారం మూతపడినా కార్మికుని చేతిలోని నైపుణ్యం పోదు. కాని దాన్ని వాడుకునే చోటు కావాలి.

పాఠ్యగత ప్రశ్నలు

1. ట్రావెల్ ఎయిర్ సంస్థను ఎప్పుడు స్థాపించారు?
2. 1986లో ఏం జరిగింది?
3. మీ ప్రాంతంలో ఎక్కువమంది ఆధారపడిన పని ఏది? అది ఆగిపోతే వారికి ఇంకే దారులున్నాయి? ఐదు వాక్యాలు రాయండి.

జవాబులు: 1. 1925లో. 2. సెస్నా 172 వంటి చిన్న విమానాల తయారీ ఆగిపోయింది. 3. మీ జవాబును తోటి అభ్యాసకులతో చర్చించండి.