కడుపును కాపాడే జిగురు పొర

జిగట అనగానే మనకు రోగమే గుర్తుకు వస్తుంది. జిగట విరేచనాలు, కఫం, చీమిడి – ఇవి ఎంత త్వరగా పోతే అంత మంచిదనుకుంటాము. కాని ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషికీ గొంతు మొదలు పేగుల చివరి వరకు లోపల పలచని జిగురు పూత ఉంటుంది. అది లేకపోతే అన్నాన్ని అరిగించే ఆమ్లమే మన కడుపును కూడా తినివేస్తుంది.

ఇది ఎలా పనిచేస్తుంది?

నోటిలో ఊరే లాలాజలంలో జిగురు ఉంటుంది. అన్నం ముద్ద గొంతులో గీసుకోకుండా జారేది దానివల్లనే.

జీర్ణాశయంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం నిమ్మరసం కంటే ఘాటైనది. దానికి అడ్డుగా ఉండే జిగురు పొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. బెల్లం వండేవారు చెరకు రసంలో పులుపు విరగడానికి సున్నం వేయడం మనకు తెలుసు. అలాగే ఈ పొరలో బైకార్బొనేట్ అనే క్షారం ఉండి, లోపలికి దిగే ఆమ్లాన్ని గోడకు చేరకముందే విరిచివేస్తుంది.

పెద్దపేగులో ఈ జిగురు రెండు పొరలుగా ఉంటుంది. పై పొరలో కోట్లాది సూక్ష్మజీవులు నివసిస్తాయి. గోడను అంటుకొని ఉన్న పొర వాటిని లోపలికి రానివ్వదు. పీచు లేని ఆహారం పెట్టిన ఎలుకలలో ఆ సూక్ష్మజీవులు జిగురు పొరనే తినివేశాయని 2016లో ప్రచురించిన పరిశోధనలో తేలింది.

దీనిని పాడుచేసేవి ఏవి?

మొదటిది నొప్పి మాత్రలు. చోడవరం, గోవాడ చుట్టుపక్కల చెరకు నరికే రోజుల్లో నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి లేని ఇల్లు ఉండదు. రక్తపు వాంతితో వచ్చినవారిని మేము ముందుగా "ఏం మాత్రలు వాడుతున్నారు?" అని అడుగుతాము. "మందులేమీ లేవమ్మా, ఒళ్ళు నొప్పులకు కొట్లో ఇచ్చినవే" అంటారు. ఆ మాటలోనే ఉంది అసలు సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి మందులు జిగురును ఊరించే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించివేస్తాయి. ఈ పని రక్తం ద్వారా జరుగుతుంది గనుక, సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదనుకోవడం పొరపాటు. అన్నం తిన్నాక వేసుకున్నా ప్రమాదం పూర్తిగా తప్పదు.

రెండవది హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి. ఇది జిగురును తొలుచుకొని అందులోనే కాపురం పెడుతుంది. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో దీనిని కనుగొన్నారు. ఎక్కువ పుండ్లకు కారణం ఇదేనని చూపినందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. కారం తిన్నందువల్ల పుండు పుట్టదు. ఉన్న పుండు మండవచ్చు, అంతే.

మూడవది చుట్ట, బీడీ, సారా. ఇవి పొరను బలహీనపరుస్తాయి, పుండును మాననివ్వవు.

మనం ఏమి చేయాలి?

1. నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడవద్దు. రెండు మూడు రోజులకు తగ్గని నొప్పిని డాక్టరుకు చూపించండి. పారాసెటమాల్ కడుపుకు అంత హాని చేయదు, కాని మోతాదు మించకూడదు.

2. గుండె జబ్బుకు డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు మానవద్దు. కడుపులో మంట ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

3. పైలోరి క్రిమికి ఇచ్చిన మందులు, మంట తగ్గినా సరే, చెప్పినన్ని రోజులూ వాడాలి.

4. చోడి అంబలి, ఆకుకూరలు, పప్పులు, పండ్లు రోజూ తినండి.

5. మలం తారులాగా నల్లగా, జిగటగా పడినా, వాంతిలో రక్తం గాని కాఫీ పొడి వంటి ముక్కలు గాని కనబడినా, తెల్లవారే వరకు ఆగక ఆసుపత్రికి రండి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా మలం నల్లబడుతుంది. అనుమానముంటే వచ్చి చూపించుకోండి. జిగటతో పాటు రక్తం, జ్వరం ఉన్నా ఆలస్యం చేయవద్దు.

మలం రంగు మారిందని చెప్పడానికి పెద్దవారు సిగ్గుపడతారు. తల తిరుగుతుందని, నీరసమని మాత్రమే అంటారు. కాబట్టి ఇంట్లో చిన్నవారే అడిగి తెలుసుకోండి. దిండు కింద, కొంగుముడిలో ఏ మాత్రలున్నాయో చూడండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ మాత్రల షీటు కూడా వెంట తీసుకొని రండి.