నదిలో నీటికి ధర ఎంత?

కృష్ణా, గోదావరి కాలవల కింద పొలమున్న ఇళ్లల్లో పెద్దవాళ్లు “నీటి తీరువా” అనడం మీరు వినే వుంటారు. నది నుంచి తీసుకున్న నీటికి రైతు ప్రభుత్వానికి కట్టే పన్ను అది. దాన్ని లెక్కగట్టే తీరులో ఒక వింత వుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1996లో పెద్ద కాలవల కింద మొదటి వరి పంటకు ఎకరానికి 200 రూపాయలని నిర్ణయించారు. గమనించారా? ఎకరానికి! ఇన్ని లీటర్లకని కాదు.

లెక్క వేసి చూద్దాం. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. పంటకాలమంతా పెట్టిన నీటిని ఒక్కసారిగా నిలబెడితే 1.2 మీటర్ల లోతు వస్తుందనుకోండి. అది 4,856 ఘనపు మీటర్లు, అంటే 48 లక్షల లీటర్లకు పైమాటే. వెయ్యి లీటర్లకు పడేది నాలుగు పైసలు! పదిహేను లీటర్ల బిందెలైతే అరవై ఆరు బిందెలన్నమాట.

చవక కావడం అసలు సంగతి కాదు. అదే రైతు రెండు మీటర్ల నీరు పెట్టాడనుకోండి, తీరువా ఎంత? మళ్లీ 200 రూపాయలే. అంటే అదనంగా వాడిన నీటి ధర సున్న. అందుకే మడి నిండినా తూము మూయాలనిపించదు. పాపం, రైతును తప్పు పట్టలేం. కాలవ రేపు వస్తుందో రాదో అతనికేం తెలుసు?

ఆ నీరు ఏమవుతుంది? కొంత భూమిలోకి ఇంకి భూగర్భజలాన్ని పైకి తెస్తుంది. అది నేలమట్టానికి దగ్గరగా వచ్చిందంటే, దీపపు వత్తిలో నూనె పాకినట్లు మట్టిరేణువుల సందుల్లో నుంచి పైకి పాకుతుంది. పైకి వచ్చిన నీరు ఎండకు ఆవిరైపోతుంది గాని, అందులో కరిగివున్న లవణాలు ఆవిరి కావు. అవి తెల్లగా పేరుకుని నేల చౌడుబారుతుంది. ఇక్కడ ఇలా వుంటే, కాలవ చివర శివారు పొలాలకు చుక్క నీరు అందదు.

నది సంగతీ చూడాలి. 1960కి పూర్వం కృష్ణానది ఏటా సగటున సుమారు 5,700 కోట్ల ఘనపు మీటర్ల నీటిని సముద్రంలో కలిపేది. 2001–2004 మధ్య కరువు సంవత్సరాల్లో దాదాపు ఏమీ కలపలేదు. దీనికంతా తీరువాయే కారణమంటే అబద్ధమవుతుంది. వానలు తగ్గాయి, ఎగువన ఆనకట్టలు పెరిగాయి. కాని ఎదురు తోసే నదీజలం లేనప్పుడు సముద్రపు ఉప్పునీరు నదీముఖంలోకి ఎగబాకుతుంది. ఇసుక పొరల గుండా తీరగ్రామాల బావుల్లోకీ చేరుతుంది. “సముద్రంలో వృథాగా కలిసిపోతోంది” అని మనం అనుకునే నీరు చేసే పని ఇది.

ఇంగ్లండులో వేరొక పద్ధతి వుంది. 1963 చట్టంతో నది నుంచి నీరు తోడేవారికి లైసెన్సు పద్ధతి వచ్చింది. రుసుము ఘనపు మీటర్లను బట్టి వుంటుంది. 2022 దాకా వాడిన పట్టికలో రెండు గుణకాలు చూడదగ్గవి. వేసవి నెలల నీటికి గుణకం 1.6, శీతకాలపు నీటికి 0.16. పదింతల తేడా! నది నిండుగా వున్నప్పుడే నీరు తీసుకుని చెరువులో నిలవచేసుకున్న రైతుకు లాభం. రెండోది, తీసుకున్న నీటిలో తిరిగి నదికి చేరేదెంత అన్నది. చేలమీద జల్లే నీరు చాలావరకు ఆవిరైపోతుంది కనుక దానికి గుణకం 1. నీరు ఆవిరి కాకుండా యంత్రాలను చల్లబరచి తిరిగి వదిలేస్తే 0.03 మాత్రమే.

లైసెన్సు పద్ధతి వున్నా, 1980ల చివర కెంట్ ప్రాంతపు డారెంట్ నది కొన్నిచోట్ల పూర్తిగా ఎండిపోయింది! సుద్దరాతి పొరల్లోని ఊటలే దానికి ఆధారం. అదే పొరల్లో బావులు తవ్వి లండన్ వైపు నీరు తోడేవారు. చట్టం రాకముందునుంచీ తోడుతున్నవారికి లైసెన్సులు హక్కుగా దక్కాయి. పైగా ఆ రుసుము నదుల పర్యవేక్షణ ఖర్చుకు సరిపడేలా కట్టిందే గాని, తోడడం మాన్పించేటంత పెద్దది కాదు. తరవాత ఆ తోడకాన్ని తగ్గించవలసివచ్చింది.

మరి మన పిల్లకాలవల్లో నీటిని కొలవడం ఎలా? మీరే ప్రయత్నించండి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని. నీరు తిన్నగా పారే చోట పది మీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. ఒక బెండుముక్క వదిలి, అది ఆ దూరం పోవడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో చూడండి. 40 సెకండ్లయితే వేగం సెకండుకు పావు మీటరు. కాలవ వెడల్పు అర మీటరు, లోతు 20 సెంటీమీటర్లు అనుకుందాం. మూడింటినీ హెచ్చిస్తే సెకండుకు 25 లీటర్లు. అడుగున నీరు పైనీటికన్నా మెల్లగా పారుతుంది గనుక ఐదింట నాలుగు వంతులు తీసుకోండి: 20 లీటర్లు. రాత్రి పది గంటలసేపు తూము మూయకుండా మరిచిపోతే 7,20,000 లీటర్లు. ఎకరం మడిలో దాదాపు 18 సెంటీమీటర్ల లోతు నిలబడే నీరు అది.