గోండ్వానా – ఒక ఇంగ్లీషు మాట పుట్టుక



కిందటి నెల గోడపత్రికలో ఎనిమిదో తరగతి వాళ్లు 'బండికూట్' అనే ఇంగ్లీషు మాట మన తెలుగు పందికొక్కు నుండే పోయిందని రాసిండ్రు. అది చదివి అందరం బాగ నవ్వినం. ఈసారి నేను ఇంకో మాట తీసుకున్న. అది 'గోండ్వానా'.

ఈ మాటే ఎందుకు అంటే చెప్తాను. సోషల్ సారు పాఠం చెప్తూ "గోండ్వానా భూమి" అన్నరు. వెనుక బెంచీల ఎవరో కిసుక్కున నవ్విండ్రు. నేను తల వంచుకున్న. కిందటి ఏడు ఆటల పోటీలకు కరీంనగర్ పోయినప్పుడు వేరే స్కూలు పిల్లలు "మీరు ఎవరు?" అని అడిగితే "ఆదిలాబాద్ వాళ్లం" అని మాత్రమే చెప్పిన. గోండులం అని చెప్పలేదు. ఆ మాట తిట్టుగా వినీ వినీ నాకు కూడా తిట్టు లెక్కనే అనిపించేది. సారు నా మొహం చూసిండ్రో లేదో తెలియదు గాని, "ఈ మాట ప్రపంచంలోని సైన్సు పుస్తకాలన్నిట్ల ఉంది, తెలుసా?" అన్నరు. నాకు తెలియదు.

మన లైబ్రరీల ఉన్న చిన్న డిక్షనరీల చూసిన. 'గోల్డ్' ఉంది, 'గూస్' ఉంది, గోండ్వానా లేదు. అందుకే సారు దగ్గరున్న పెద్ద పుస్తకాలు చూసి, అర్థం కానివి అడిగి రాసుకున్న. ఈ ఒక్క మాటకు మూడు అర్థాలు ఉన్నయి. ఒకదాని నుండి ఒకటి పుట్టినయి.

మొదటి అర్థం పాతది. గోండులు ఉండే దేశం అని. 'వన' అంటే అడవి కాబట్టి గోండుల అడవి అని చెప్తరు. మన గోదావరి, ప్రాణహిత నుండి పైన నర్మద దాక ఉన్న అడవి దేశం ఇది. చాందా, దేవగఢ్, ఖేర్లా, గఢా-మండ్లాలో గోండు రాజులు ఏలిండ్రు. అక్బర్ సైన్యంతో కొట్లాడి 1564లో చనిపోయిన రాణి దుర్గావతి గఢా-మండ్లా రాణియే. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్, మన ఆసిఫాబాద్ నుండి దూరమేమీ కాదు.

రెండో అర్థం రాళ్లది. హెన్రీ మెడ్లికాట్ అనే ఐర్లాండ్ ఆయన మన దేశపు భూగర్భ సర్వే శాఖలో పనిచేసేవాడు. నర్మదకు దక్షిణాన ఒక రకం రాతి పొరలు చూసి, అవి గోండుల దేశంల ఉన్నయని 1872లో వాటికి 'గోండ్వానా' అని పేరు పెట్టిండు. ఆ పేరు 1876లో అచ్చులకు ఎక్కింది. ఆ పొరల్లనే బొగ్గు ఉంది. అంతకు ఒక ఏడు ముందు, 1871లో, విలియం కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నడు. తర్వాత సింగరేణి కంపెనీ వచ్చింది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని బావుల నుండి తీసేది అంతా గోండ్వానా బొగ్గే. అది పాతిక కోట్ల ఏండ్ల కంటే పాతది. రామగుండంల ఈ బొగ్గును మండించి కరెంటు తీస్తున్నరు. రాత్రి స్టడీ అవర్ల మన నెత్తి మీద లైటు వెలుగుతుంటే నాకు ఇదే యాదికొస్తుంది. (కరెంటు పోయినప్పుడు కూడా.)

సారు ఒకసారి గోదావరిఖని నుండి నల్లటి పలక రాయి తెచ్చి చూపించిండ్రు. దాని మీద ఆకు అచ్చు ఉంది. నడుమ ఈనె, రెండు దిక్కుల సన్నటి ఈనెలు వల లెక్క. మేమందరం "తునికాకు" అన్నం. ఎండకాలం కట్టలు కట్టే వాళ్లం కద, మాకు ఏ ఆకు చూసినా అదే! కాదట. దాని పేరు గ్లాసోప్టెరిస్. గ్రీకు భాషల 'గ్లాస్సా' అంటే నాలుక. ఆకు నాలుక లెక్క ఉంటుంది. ఆ చెట్లు ఇప్పుడు ఎక్కడా లేవు.

మూడో అర్థం ఈ ఆకు నుండే వచ్చింది. ఇదే ఆకు అచ్చులు ఆఫ్రికాల, దక్షిణ అమెరికాల, ఆస్ట్రేలియాల కూడా దొరికినయి. నడుమ అంత సముద్రం ఉంటే ఒక్క తీరు చెట్టు అన్నిచోట్ల ఎట్ల పెరిగింది? వియన్నాల ఉండే ఎడ్వర్డ్ సూస్ అనే ఆయన, ఇవన్నీ ఒకప్పుడు ఒకటే భూమి అని చెప్పి, 1885లో దానికి 'గోండ్వానా లాండ్' అని పేరు పెట్టిండు. నడుమ భూమి సముద్రంల మునిగిపోయిందని ఆయన అనుకున్నడు. అది తప్పు. మునగలేదు, విడిపోయి జరిగింది. జరిగిందని 1912లో వెగెనర్ చెప్తే చాలా మంది నమ్మలేదు. 18 కోట్ల ఏండ్ల కింద పగిలి, మన ముక్క ఉత్తరానికి జరిగి జరిగి 5 కోట్ల ఏండ్ల కింద ఆసియాకు గుద్దుకుంటే హిమాలయాలు లేచినయి. 'వన' అన్నంక మళ్ల 'లాండ్' ఎందుకు, 'గేటు దర్వాజ' అన్నట్టు ఉంది కద! అందుకే చాలా మంది ఇప్పుడు ఒట్టి గోండ్వానా అంటరు.

ఒక సంగతి నన్ను రాత్రి నిద్ర పోనియ్యలేదు. కెప్టెన్ స్కాట్, ఆయన తోటి నలుగురు 1912లో దక్షిణ ధ్రువం పోయి, తిరిగి వస్తూ చలికి, ఆకలికి చనిపోయిండ్రు. ఆ ఏడు నవంబరుల స్కాట్‌వి, ఇంకా ఇద్దరివి శవాలు గుడారంల దొరికినయి. పక్కన 16 కిలోల రాళ్లు ఉన్నయి. బండి లాగే శక్తి లేకున్నా వాటిని పారేయలేదు. ఆ రాళ్ల మీద ఉన్నది ఈ నాలుక ఆకే. మంచు దేశం కూడా గోండ్వానాలదే అని దానితో తెలిసింది.

మన దగ్గర రాకాసి బల్లి ఎముకలు కూడా దొరికినయి. ప్రాణహిత అవతలి ఒడ్డున కోట అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరు పెట్టిన రాతి పొరల్లనే, ఇవతల మన పాత జిల్లా యామన్‌పల్లి దగ్గర అవి బయటపడ్డయి. పి. యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిండ్రు. రెండు ఊర్ల పేర్లు ఒక్క బల్లికి! దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల నిలబెట్టిండ్రు.

ఇదంతా చెప్తుంటే ఆరో తరగతి చెల్లె ఒకామె "అయితే మన తాతలు ఆస్ట్రేలియా దాక ఏలిండ్రా అక్కా?" అని అడిగింది. అవును అని చెప్పాలని నాకూ ఆశ పుట్టింది. కాని కాదు. ఆ భూమి పగిలినప్పుడు గోండులు కాదు, అసలు మనిషే లేడు. మనిషి వచ్చి 3 లక్షల ఏండ్లు. ముందు మనుషుల పేరు దేశానికి, దేశం పేరు రాయికి, రాయి పేరు పెద్ద భూమికి పోయింది. అంతే. ఎవరన్నా ఎక్కువ చెప్తే నమ్మకండి.

ఇంకో సంగతి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా కాకోకు (అమ్మమ్మకు) ఇదంతా సంబరంగా చెప్పిన. ఆమె బియ్యం చెరుగుతూ విని, "గోండు అనేది బయటోళ్లు అనే మాట బిడ్డా. మనం కోయితూర్" అన్నది. నా సంబరం సగం దిగిపోయింది. తర్వాత సారు చెప్పిండ్రు, నాగపూర్ల ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే పాదిరి, గోండు అనే మాట తెలుగు 'కొండ' నుండి వచ్చిందని అనుకున్నడట. అందరూ ఒప్పుకోరు. ఆయన నాగపూర్ చుట్టూ రాళ్లల్ల ఆకు అచ్చులు కూడా ఏరినోడే. మా భాషల కొండను 'మెట్ట' అంటం. ఆయన చెప్పింది నిజమైతే, మా పేరు మా భాషల మాట కూడా కాదు. ప్రపంచం అంతా తిరిగిన ఆ పేరు పెట్టేటప్పుడు మా వాళ్లను ఎవరూ అడిగి ఉండరు.

అయినా ఈసారి ఆటల పోటీలల్ల ఎవరన్నా అడిగితే గోండు అని చెప్తా. కోయితూర్ అని కూడా చెప్తా. రెండోది వాళ్లకు కొత్తది కాబట్టి విడమరిచి చెప్పాలి, కొంచెం టైం పడుతుంది.

మన హాస్టల్ల కొలాం, పర్ధాన్, తోటి, నాయకపోడు పిల్లలు ఉన్నరు. మీ ఇండ్లల్ల మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటరో, ఆ మాటకు అర్థమేందో పెద్దోళ్లను అడిగి చీటీ మీద రాసి వంటగది పక్కన ఉన్న డబ్బాల వేయండి. వచ్చే నెల రాస్తాను. చీటీ మీద తప్పకుండా తరగతి రాయండి, పోయినసారి ఎవరు రాసిండ్రో తెలియక నాలుగు చీటీలు అట్లనే ఉన్నయి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని