దోమ కుడితే దురద ఎందుకు?

దోమ ఎప్పుడు వాలిందో, ఎప్పుడు కుట్టిందో మనకు తెలియదు. అది ఎగిరిపోయిన తరువాతే అక్కడ దద్దురు లేస్తుంది, దురద మొదలవుతుంది. దోమ సూది వెంట్రుకలా సన్ననిది. అంత చిన్న గాయానికి ఇంత దురదా? ఎందుకని?

మనల్ని కుట్టేది ఆడదోమ. గుడ్లు తయారుకావడానికి దానికి మన రక్తంలోని మాంసకృత్తులు కావాలి. తాగుతుండగా రక్తం గడ్డకడితే దాని పని సాగదు. అందుకని అది ముందుగా తన లాలాజలాన్ని మన చర్మంలోకి వదులుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలు అందులో ఉన్నాయి. అవి మన శరీరానికి పరాయివి. వాటిని గుర్తించగానే చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. హిస్టమిన్ వల్ల సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. వాటి గోడల నుంచి ద్రవం ఊరుతుంది. అదే వాపు. నరాల కొసలు రేగుతాయి. అదే దురద.

పరాయి పదార్థాన్ని శరీరం గుర్తుపట్టడానికి ముందుగా దానితో పరిచయం కావాలి. అందుకే పసిబిడ్డను మొట్టమొదటిసారి దోమ కుట్టినప్పుడు సాధారణంగా దద్దురు లేవదు.

గోకితే ఏమవుతుంది?

గోకినప్పుడు కలిగే కొద్దిపాటి నొప్పి దురదను కాసేపు అణచివేస్తుంది. కాని చర్మం మరింత రేగి, దురద రెట్టింపవుతుంది. గోళ్ళ సందున ఉండే సూక్ష్మజీవులు గీరుకున్న చోట చేరి చీము పట్టిస్తాయి.

సున్నం రాయవచ్చునా?

చీమ విషం ఆమ్లం కనుక క్షారమైన సున్నం రాస్తే విరిగిపోతుందని చాలామంది నమ్మకం. కొన్ని రకాల చీమల విషంలో ఫార్మిక్ ఆమ్లం ఉన్నమాట నిజమే. కాని విషం దిగేది చర్మం లోపలికి. సున్నం ఉండేది చర్మం పైన. పైగా తేనెటీగ కుట్టినప్పుడు మంటకూ, వాపుకూ ముఖ్య కారణం ఆమ్లం కాదు. మెలిటిన్ వంటి మాంసకృత్తులు. సున్నం ఘాటైన క్షారం కనుక లేత చర్మాన్ని కాల్చగలదు. కంటి దగ్గర మరీ ప్రమాదం.

మరి ఏం చేయాలి?

1. తేనెటీగ కొండికి వెనక్కు వంగిన ముళ్ళుంటాయి. అందువల్ల అది చర్మంలోనే ఉండిపోతుంది. దానికి అంటుకున్న సంచి ఇంకా విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గోరుతో వెంటనే గీరి తీసివేయండి. ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం.

2. కుట్టిన చోటును సబ్బుతో కడగండి.

3. కుండలోని చల్లని నీటితో తడిపిన గుడ్డను గాని, గుడ్డలో చుట్టిన ఐసుముక్కను గాని పది నిమిషాలు ఉంచండి. చలువకు రక్తనాళాలు ముడుచుకుని వాపు తగ్గుతుంది.

4. కాలికో చేతికో వాపు వస్తే దానిని ఎత్తులో ఉంచండి.

5. కలమైన్ లోషన్ రాస్తే దురద తగ్గుతుంది. దురద మరీ ఎక్కువైతే డాక్టరు సలహాతో యాంటీహిస్టమిన్ మాత్ర వేసుకోవచ్చు. హిస్టమిన్ పనిని అడ్డుకునే ఇటువంటి మందులపై కృషి చేసిన డేనియల్ బొవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది.

ఇంటి వైద్యం చాలనిది ఎప్పుడు?

కొందరిలో శరీరం మితిమీరి స్పందిస్తుంది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, గొంతు పూడుకుపోయినట్లున్నా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఒక్క నిమిషం ఆలస్యం చేయరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంటి చిట్కాలు కావు. నోటి లోపల కుట్టినా, ఈగలు గుంపుగా కుట్టినా ఆసుపత్రికే వెళ్ళాలి. తేలు కాటుకూ, పాము కాటుకూ ఇంటి వైద్యం పనికిరాదు.

రెండు మూడు రోజుల తరువాత ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా డాక్టరుకు చూపించండి. దోమకాటు తరువాత జ్వరం వస్తే మలేరియా, డెంగ్యూల కోసం రక్తపరీక్ష చేయించాలి.

దురదను ఇంట్లోనే తగ్గించుకోవచ్చు. ఆడని ఊపిరిని ఇంట్లో బాగుచేయలేము. ఈ తేడా ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. మీరు చదివి, మీ ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పండి.