శ్రీశైల వనయాత్ర: భక్తులకొక పాఠం

శ్రీశైల శిఖర దర్శనంతో పునర్జన్మ ఉండదని పెద్దల విశ్వాసం. ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటైన మల్లికార్జునస్వామి, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన భ్రమరాంబాదేవి ఒకే ప్రాంగణంలో కొలువైన దివ్యక్షేత్రమిది. దిగువన కృష్ణవేణి పాతాళగంగగా పూజలందుకొంటున్నది. చుట్టూ ఉన్న నల్లమల 1983లో పులుల సంరక్షణ పరిధిలోకి వచ్చినది. పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, కణితి ఈ అడవిలో సంచరిస్తాయి. నదిలో మొసళ్లు, నీటికుక్కలు కలవు.

వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరే ప్రాచీనమైన కాలిబాట ఈ అడవిలోనిదే. ఒక మహాశివరాత్రికి ఆ బాటలో నడిచివచ్చే భక్తులకు నేను నీళ్ల ప్యాకెట్లు పంచి, గొప్ప పుణ్యం చేశానని సంతోషించాను. పండుగ ముగిసిన కొద్ది రోజులకు ఒక చెంచు పెద్దాయనతో కలసి అదే దారిన నడిచాను. అడుగడుగునా నేను పంచిన సంచులే! ఒకచోట ఆయన వంగి, దుప్పి పెంటికలలో చిక్కుకొన్న ప్లాస్టిక్ ముక్కను పుల్లతో చూపించాడు.

"అయ్యా, మల్లయ్య మా చెంచుల అల్లుడు. ఈ అడవి ఆయనకు అత్తవారిల్లు. మీరు దాహం తీర్చినారు, మంచిదే. మరి వీటి కడుపులో పడిందాన్ని ఎవరు తీస్తారు?"

నాకు మాట రాలేదు. దొరికినన్ని సంచులు ఏరి మోసుకొచ్చాను. మరుసటి ఏడాది అనుమతి ఉన్నచోట కుండలు, లోటాలతో చలివేంద్రం పెట్టాము. ఖర్చూ, శ్రమా పెరిగాయి. భక్తులు మాత్రం దాహం తీర్చుకొని, లోటా అక్కడే ఉంచి, శివనామస్మరణతో సాగిపోయారు.

కనుక దాతలు దానవస్తువుతోపాటు, దాని శేషం ఎక్కడికి చేరుతుందో కూడా ఆలోచించవలెను. యాత్రికులు కోతులకు ఆహారం వేయరాదు. ఆ ఆశతో అవి రోడ్డుపైకి వచ్చి వాహనాల క్రింద పడతాయి. రాత్రివేళ దోర్నాల, మన్ననూరు వద్ద అటవీ గేట్లు మూయడం మృగాలు నిర్భయంగా దాటడానికే. దానికి తగినట్లు ప్రయాణం నిశ్చయించుకొనవలెను. వేసవిలో ఎండుటాకులపై నిప్పురవ్వ పడనీయరాదు. స్నానానంతరం పాత వస్త్రాలను పాతాళగంగలో విడువరాదు.

మనం కొలిచే స్వామికి పశుపతి అనే నామం కలదు. గర్భాలయంలో ఆయనకు నమస్కరించి, బయట ఆయన పశువులకు కీడు చేస్తే ఆ యాత్ర పూర్తి కాదని నేను ఆ కాలిబాటలో తెలుసుకొన్నాను.